512 ఎంబీ సర్వర్‌లో అప్‌డేట్ సగంలో ఆగిపోతుంటే

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది: శ్రీకాకుళంలోని ఖద్దరు దుకాణం వెబ్‌సైట్‌ను 512 ఎంబీ మెమరీ ఉన్న క్లౌడ్ సర్వర్‌లో ఉబుంటు మీద నడుపుతున్నారు. అప్‌గ్రేడ్ పెడితే కాసేపు నడిచి ‘కిల్డ్’ అని చూపించి ఆగిపోతోంది. మళ్లీ ప్రయత్నిస్తే డీపీకేజీ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) పని మధ్యలో ఆగిపోయిందని అంటోంది. పెద్ద ప్లాన్‌కు మారక తప్పదా అని అడిగారు. ఇప్పుడే మారకండి. విజయనగరం నుంచి నేను చూసుకునే సర్వర్లలో ఒకటి పలాసలోని జీడిపప్పు వ్యాపారిది. దానికీ ఇదే జబ్బు చేసింది, అదే ప్లాన్‌లో నయమైంది.

ముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) సందేశాలను చూపే ‘సుడో డీమెసేజ్’ (sudo dmesg) ఇచ్చి చివరి వరుసలు చదవండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అన్న వరుస ఉంటే, దాని పక్కన బ్రాకెట్లో ఉన్న పేరే మీకు కావలసినది. మెమరీ పూర్తిగా నిండినప్పుడు లినక్స్ కెర్నెల్ సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, ఆపేస్తుంది. జీడిపప్పు సర్వర్‌లో ఆ బ్రాకెట్లో కనిపించింది అప్‌డేట్ నడిపే ఆప్ట్ కాదు, డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్. అప్‌డేట్ చేస్తుంటే డేటాబేస్ పడిపోయేది, వెబ్‌సైట్ కూడా దానితోనే పోయేది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ దగ్గర డీపీకేజీయే బలైనట్లుంది. అలాంటి వరుసే లేకపోతే కారణం వేరే ఉంటుంది. డిస్కు నిండిందేమో ‘డీఎఫ్ -హెచ్’తో చూడండి. పాత కెర్నెళ్లు పేరుకుపోయి చిన్న డిస్కు నిండిపోవడం మామూలే.

ఇక మరమ్మతు. ఎవరిని అడిగినా మొదట ‘సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఎ’ నడపమంటారు. ఆజ్ఞ సరైనదే కానీ, మెమరీ చాలక ఆగిన పనిని అదే మెమరీతో మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగుతుంది. కాబట్టి ముందు స్వాప్ (మెమరీ చాలనప్పుడు దానికి బదులు వాడుకునే డిస్కు చోటు) పెట్టండి. చాలా క్లౌడ్ సర్వర్లు స్వాప్ లేకుండానే వస్తాయి. ‘ఫ్రీ -ఎం’ ఇచ్చినప్పుడు స్వాప్ వరుసలో సున్నా ఉంటే మీదీ అంతే.

డిస్కులో చోటు చూసుకుని 1 జీబీ ఫైలు చేయండి. ‘ఎఫ్‌అలొకేట్’ చాలు. అది కుదరక ‘డీడీ’ వాడితే బ్లాక్ సైజు 1 ఎంబీ, కౌంట్ 1024 అని ఇవ్వండి. బ్లాక్ సైజే 1 జీబీ అని ఇవ్వమనే సలహాలు కనిపిస్తాయి. అలా ఇస్తే డీడీ ఒక్కసారిగా 1 జీబీ మెమరీ అడుగుతుంది, 512 ఎంబీ సర్వర్‌లో అది ఎక్కడి నుంచి వస్తుంది? తర్వాత ఆ ఫైలుకు 600 అనుమతి (యజమాని తప్ప ఎవరూ తెరవలేనిది), దాన్ని స్వాప్‌గా సిద్ధం చేసే ‘ఎంకేస్వాప్’, వాడుకలోకి తెచ్చే ‘స్వాపాన్’. సర్వర్ రీస్టార్ట్ అయినా నిలవడానికి ఎఫ్‌స్టాబ్‌లో (సర్వర్ మొదలైనప్పుడు చదివే డిస్కుల జాబితా ఫైలులో) ఒక వరుస. అప్పుడు వెబ్ సర్వర్‌ను, డేటాబేస్‌ను ఆపి, పైన చెప్పిన డీపీకేజీ ఆజ్ఞ ఇవ్వండి. అది సాఫీగా ముగిశాక ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’, ఆ తర్వాతే అప్‌గ్రేడ్.

లాక్ పడిందని, అంటే ప్యాకేజీల పని వేరే ప్రాసెస్ చేతిలో ఉందని సందేశం వస్తే దయచేసి ఆ లాక్ ఫైలును తీసేయకండి. ఆ సమయంలో మరో ప్రాసెస్ నిజంగానే ప్యాకేజీలు మారుస్తుంటే రెండూ కలిసి డీపీకేజీ జాబితాను పాడుచేస్తాయి. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ మామూలుగా ఉదయం 6, 7 గంటల మధ్య మొదలవుతుంది. అయితే ఆ 6 గంటలు సర్వర్ గడియారం ప్రకారం. క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కాబట్టి మనకు అది పదకొండున్నర, పన్నెండున్నర మధ్య. దుకాణానికి బేరాలు వచ్చే వేళ! ‘టైమ్‌డేట్‌సీటీఎల్’తో ఏషియా/కోల్‌కతాకు మార్చేస్తే ఆ పని తెల్లవారేసరికి జరిగిపోతుంది.

మన వైపు ఇంకో జాగ్రత్త కూడా తప్పనిసరి. అప్‌గ్రేడ్‌ను ఎప్పుడూ ‘టీమక్స్’ (సర్వర్‌లోనే టెర్మినల్‌ను తెరిచి ఉంచే ప్రోగ్రామ్) లోపల నడపండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు మీకు గుర్తుండే ఉంటాయి. అంత పెద్ద తుపానే రానక్కర్లేదు, గట్టి గాలివానకే నెట్ పోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కు ఉన్న కనెక్షన్) తెగితే అందులో నడుస్తున్న అప్‌గ్రేడ్ కూడా సగంలో ఆగిపోవచ్చు. టీమక్స్‌లో ఉంటే మీ కనెక్షన్ పోయినా సర్వర్‌లో పని సాగుతూనే ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ 8 వాడుతుంటే పెర్ఫార్మెన్స్ స్కీమాను (డేటాబేస్ పనితీరు లెక్కలు రాసుకునే భాగాన్ని) ఆపేయండి. చిన్న వెబ్‌సైట్‌కు దానితో పని లేదు, మెమరీ మాత్రం బాగానే తింటుంది. బఫర్ పూల్ (డేటాబేస్ తన డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) మామూలుగా 128 ఎంబీ ఉంటుంది, దాన్ని 64కు తగ్గించవచ్చు.

పెద్ద ప్లాన్ ఎప్పుడు కావాలో మాత్రం సర్వరే చెబుతుంది. అప్‌డేట్లు ఏవీ లేని మామూలు రోజున ‘వీఎంస్టాట్ 5’ నడిపి ‘ఎస్‌ఐ’, ‘ఎస్‌ఓ’ నిలువు వరుసలు (స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌కు వెళ్లేది) గమనించండి. అవి దాదాపు సున్నాలో ఉంటే 512 ఎంబీ చాలు. ఎప్పుడు చూసినా అంకెలు కదులుతుంటే సర్వర్ స్వాప్ మీదే బతుకుతోందన్నమాట, అప్పుడు 1 జీబీకి మారండి.