కరెంటు నెలల తరబడి రాకపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కరెంటు పోయినా ఒక పూటలో వచ్చేస్తుంది కదా. వారాలు, నెలలు రాకపోవడం నిజంగా జరిగే పనేనా?

జవాబు: జరిగింది. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో ద్వీపమంతటా కరెంటు తీసేసింది. చివరి ఇళ్లకు మళ్లీ కరెంటు అందడానికి దాదాపు 11 నెలలు పట్టింది. 2012 జులై 30, 31 తేదీల్లో భారతదేశంలో సగం జనాభాకు కరెంటు పోయినా గంటల్లోనే చాలావరకు తిరిగొచ్చింది. 1989 మార్చి 13న సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత తుఫానుకు కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ (కేంద్రాలు, లైన్లు కలిసిన కరెంటు వ్యవస్థ) రెండు నిమిషాల్లోపే కూలింది. దాన్ని కూడా 9 గంటల్లో చాలావరకు నిలబెట్టారు.

ఈ తేడాకు కారణం ఏమిటంటే, రక్షణ రిలేలు (తేడా వస్తే కరెంటును కట్ చేయించే పరికరాలు) సమయానికి ట్రిప్ అయి పరికరాలు బతికితే గ్రిడ్‌ను మళ్లీ లేపడం గంటల పని. బయటి కరెంటు లేకుండా మొదలవగల జల విద్యుత్ కేంద్రాన్ని ముందు నడిపి, దాని కరెంటుతో మిగతా కేంద్రాలను ఒక్కొక్కటిగా లేపుతారు. లైన్లు, టవర్లు కూలినా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కాలినా కథ వేరు. వందల టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆర్డరు ఇచ్చాకే తయారుచేస్తారు. అది చేతికి రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది.

అందుకని మూడు గడువులు పెట్టుకోండి: 3 రోజులు, 2 వారాలు, ఆపైన. మొదటి రెండింటికీ నిల్వ సరిపోతుంది. మూడోదానికి రోజూ మళ్లీ దొరికేదే పనికొస్తుంది, అంటే ఎండ, వాన, బావి నీరు. డబ్బంతా నిల్వల మీదే పెట్టేస్తే మూడో వారంలో చేతులెత్తేయాల్సి వస్తుంది.

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఎండ ఉన్నంతసేపూ మాకు బెంగ లేనట్టేనా?

జవాబు: నెట్ మీటరుకు (ఇచ్చిన, తీసుకున్న కరెంటు రెండూ లెక్కించేది) కలిపిన, బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమైతే, గ్రిడ్ పోయిన రెండు సెకన్లలోపే అదీ ఆగిపోతుంది. ఆ ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజినీ ఫ్రీక్వెన్సీనీ చూసి వాటికి తగ్గట్టు నడుస్తుంది. అవి లేకపోతే కావాలనే ఆగుతుంది. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్లి, రిపేరు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, బ్యాటరీతో పనిచేసే, విడిగా బ్యాకప్ అవుట్‌పుట్ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు మారడం. కొనేముందు గ్రిడ్ పూర్తిగా లేకపోయినా ఎండతో బ్యాటరీ నింపుతుందా అని అడిగి, మెయిన్ ఆపించి కళ్లముందే నడిపించి చూడండి. రెండోది, పాత ప్యానెళ్లను ముట్టుకోకుండా ఒకటి రెండు ప్యానెళ్లతో విడిగా, గ్రిడ్‌కు కలపని చిన్న ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్ పెట్టుకోవడం. చాలా ఇళ్లకు ఇదే మేలు. చౌక, పాడైనా చేతికందేలా ఉంటుంది. పాత వరసలోంచి ఒక ప్యానెల్ విప్పి వాడుకుందామని మాత్రం మీరే పైకెక్కకండి. వరసగా కలిపిన ప్యానెళ్ల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వోల్టేజి కొన్ని వందల వోల్టులుంటుంది, ఎండ ఉన్నంతసేపూ దాన్ని ఆపే స్విచ్ ప్యానెల్ దగ్గర ఉండదు.

ప్రశ్న: ఆ చిన్న సిస్టమ్‌కు ఎంత బ్యాటరీ, ఎంత ప్యానెల్ కావాలి? లెక్క చెప్పండి.

జవాబు: లెక్క వాట్లతో కాదు, వాట్-అవర్లతో (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది) మొదలుపెట్టండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, 5 గంటలు: 180. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్న) ఫ్యాను 8 గంటలు: 240. రెండు ఫోన్లు: 30. మొత్తం రోజుకు 450 వాట్-అవర్లు. ఫ్రిజ్ చేర్చారంటే అదొక్కటే ఇంకో 1000 నుంచి 1500 తీసుకుంటుంది. ముందు ఫ్రిజ్ లేకుండా బతికే లెక్క వేయండి, తర్వాత వీలైతే చేర్చండి.

12 వోల్టుల 150 ఏహెచ్ (యాంపియర్-అవర్ల) ట్యూబ్యులర్ బ్యాటరీ, అంటే ఒక రకం లెడ్-యాసిడ్ బ్యాటరీ, పేరుకు 1800 వాట్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు త్వరగా తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. ఇన్వర్టర్ నష్టం 15 శాతం పోతే సుమారు 765. అంటే ఎండ లేని రోజున్నర నెట్టుకురావచ్చు.

450 వాడుకోవాలంటే ఇన్వర్టర్, ఛార్జింగ్ నష్టాలు కలిపి ప్యానెల్ నుంచి 640 దాకా రావాలి. రోజుకు 4 గంటల నిండు ఎండ అనుకుంటే 160 వాట్లు. దుమ్ము, వేడి కలిపి పావు వంతు తింటాయి, కనుక 210. మబ్బు పట్టిన మర్నాడు బ్యాటరీ మళ్లీ నిండాలంటే 350 నుంచి 400 వాట్ల ప్యానెల్ పెట్టండి. ఇక్కడ పొదుపు చేసినవాళ్ల బ్యాటరీలే ముందు చస్తాయి. సగం ఛార్జితో వారాల తరబడి ఉండిపోయిన లెడ్-యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ పూర్తిగా నిండదు.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్ తప్పకుండా ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తి రాబట్టే) రకమే తీసుకోండి, 30 యాంపులది. చౌక పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ స్థాయికి గుంజేస్తుంది. 400 వాట్ల పెద్ద ప్యానెల్ నుంచి దాంతో సగం కూడా రావడం కష్టం. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏమీ కలపనప్పుడు ఉండేది) కంట్రోలర్ పరిమితి కంటే తక్కువ ఉండాలి. చలి ఉదయాల్లో అది లేబుల్ మీది అంకెను దాటుతుంది. లెడ్-యాసిడ్‌కు ఛార్జింగ్ కరెంటు 20 యాంపులకు మించకుండా సెట్ చేయండి.

బ్యాటరీ ప్లస్ కొన దగ్గర జానెడు లోపే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే షార్ట్ అయితే వందల యాంపులు పారి వైరు మండుతుంది. డీసీ వైపు ఏసీ ఎంసీబీ (ఇళ్లలో వాడే మామూలు ట్రిప్ స్విచ్) పెట్టకండి; డీసీ ఏసీలా మాటిమాటికీ సున్నా దాటదు కనుక అది తెరుచుకున్నా నిప్పురవ్వ ఆరకపోవచ్చు. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. ఛార్జింగ్, లోడు రెండూ ఆపి కొన్ని గంటలాగి కొలిస్తే 12.7 వోల్టులు నిండుకు గుర్తు, 12.2 దగ్గర సగం. బ్యాటరీ ఉన్న గదికి గాలి ఆడాలి, హైడ్రోజన్ చేరితే పేలుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 80, 90 శాతం దాకా వాడుకోనిస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. సున్నా డిగ్రీల కింద మాత్రం దాన్ని ఛార్జి చేయకూడదు.

ప్రశ్న: మాది అపార్టుమెంటు. నీళ్లకు ఏం చేయాలి?

జవాబు: అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే, వెలుతురు సంగతి దీని తర్వాతే. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు తప్పనిసరి. నలుగురికి 14 రోజులకు 224 లీటర్లు. స్నానం, శుభ్రత కలిపితే మనిషికి 15 లీటర్లు అనుకోండి, అప్పుడు 840. రసాయనాలు నింపిన పాత డ్రమ్ములు ఎంత కడిగినా తాగేనీటికి పనికిరావు, ఆహార పదార్థాలకు తగిన రకమే కొనండి.

కరెంటు పోగానే పై ట్యాంకులో మిగిలింది అందరి ఉమ్మడి సొత్తు. ఫ్లష్‌లకు వాడితే కొన్ని గంటల్లో అయిపోతుంది. వాల్వు మూసి, వంతులవారీగా బిందెలతో పంచుకునే పద్ధతి ముందే అనుకోవాలి. మురుగు పంపులు ఆగితే కింది అంతస్తుల్లో మురుగు ఎగదన్నుతుంది, నాన్-రిటర్న్ వాల్వు (వెనక్కి పారనివ్వనిది) ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఫ్లష్ వాడలేనప్పుడు రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకటి మూత్రానికి, రెండోది మలానికి. రెండోదాంట్లో ప్రతిసారీ గుప్పెడు బూడిదో రంపపు పొట్టో వేసి మూత పెట్టాలి.

ఆర్వో యంత్రం కరెంటు లేకుండా నడవదు. నీటిని తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి (2000 మీటర్ల పైన 3 నిమిషాలు). లేదా వాసన, రంగు కలపని 5–6 శాతం ద్రవ బ్లీచు లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. మసకగా ఉంటే గుడ్డతో వడకట్టి 4 చుక్కలు. చివర్లో కొంచెం క్లోరిన్ వాసన రావాలి. ఏడాది దాటిన బ్లీచు బలం పోతుంది. బ్లీచింగ్ పౌడరుకు ఈ చుక్కల లెక్క వర్తించదు. మరిగించడం, బ్లీచు రెండూ ఫ్లోరైడును, ఉప్పును తీసేయవని గుర్తుంచుకోండి.

బోరు ఉన్నవాళ్లకు నా సలహా, బ్యాటరీకి ముందు సోలార్ డీసీ పంపు పెట్టుకోండి. ఎండలో నేరుగా నడిచి ట్యాంకు నింపుతుంది. కరెంటు దాచడం కంటే నీళ్లు దాచడం సులువు, చవక కూడా.

ప్రశ్న: పెట్రోలు జనరేటర్ కొంటే ఇవన్నీ తప్పుతాయి కదా?

జవాబు: కొన్నాళ్లే. 2 కేవీఏ జనరేటర్ సగం లోడు మీద గంటకు లీటరు దాకా తాగుతుంది. రోజంతా నడిపితే 20 లీటర్లు దాటుతుంది. రోజుకు 3 గంటలే నడిపి, ఆ సమయంలోనే మోటారు, బ్యాటరీ ఛార్జింగ్, ఫ్రిజ్ అన్నీ ముగించుకోండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అనేక రెట్లు కరెంటు గుంజుతుంది, కాబట్టి మిగతావి ఆపి ముందు దాన్నే వేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చి కొన్ని నెలల్లోనే చెడుతుంది. వాడి మళ్లీ నింపుతూ ఉండాలి, ఎంత నిల్వ చేయవచ్చో మీ చోటి నియమాలు చూడాలి.

ఇంట్లో, వరండాలో, గ్యారేజిలో నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరం ఉంచండి. ఇంటి సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లు బయట లైన్లో పనిచేసేవాళ్లను చంపగలరు. ఛేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటునూ జనరేటర్‌నూ ఒకేసారి కలవనివ్వనిది) లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగుకు కలపరాదు.

ప్రశ్న: మా అమ్మకు ఇన్సులిన్, నాన్నకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్. ఎలా?

జవాబు: ఇన్సులిన్ విషయంలో మరీ భయపడాల్సిన పని లేదు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు 28 రోజుల దాకా ఆగుతాయి, మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితం చెబుతుంది. గడ్డకట్టినది పారేయాల్సిందే కనుక ఐసుకు ఆనించకండి. పొడి వాతావరణంలో రెండు పూతలేని మట్టికుండల మధ్య తడి ఇసుక నింపి, లోపలి కుండలో పెడితే చల్లగా ఉంటుంది. ఉక్కపోతలో ఇది పెద్దగా పనిచేయదు. అప్పుడు 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ కావాలి, రోజుకు 300 నుంచి 500 వాట్-అవర్లు తీసుకుంటుంది.

కాన్సంట్రేటర్ మాత్రం 300–350 వాట్లు, రోజంతా కలిపితే 8 యూనిట్ల (8000 వాట్-అవర్ల) దాకా అవుతుంది. ఇంటి బ్యాటరీ దాన్ని మోయలేదు. సిలిండర్, రెగ్యులేటర్ సిద్ధంగా ఉంచండి, ఎన్ని గంటలొస్తుందో డాక్టరు చెప్పిన ప్రవాహంతో లెక్కించుకోండి. కరెంటు ఉన్న ఆసుపత్రి ఏదో, అక్కడికి ఎలా చేరతారో రాసి పెట్టండి. రెండో రోజు దాకా ఆగకుండా మొదటి రోజే బయల్దేరండి.

ప్రశ్న: కరెంటు తిరిగొచ్చాక ఏమైనా జాగ్రత్తలు?

జవాబు: కరెంటు పోయిన వెంటనే ఫ్రిజ్, ఏసీ, మోటారు స్విచ్‌లు ఆపి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి. తిరిగొచ్చిన కొత్తలో వోల్టేజి ఎగిరిపడుతుంది, మళ్లీ మళ్లీ పోతుంది కూడా. బల్బు 15 నిమిషాలు నిలకడగా వెలిగాకే ఒక్కొక్కటీ వేయండి. మూసి ఉంచిన ఫ్రిజ్‌లో ఆహారం 4 గంటలే భద్రం, నిండిన డీప్ ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం నిండితే 24. అంతకు మించితే రుచి చూసి తేల్చుకోవద్దు, పారేయండి.