కేసినో ఉన్న గేమ్ సరే, ప్యాక్‌ల సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఫోన్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఆడుతూ, ప్లేయర్ ప్యాక్‌ల (తెరిస్తే గానీ ఏ ఆటగాడు వస్తాడో తెలియని డిజిటల్ పొట్లాల) కోసం నాలుగు నెలల్లో నా యూపీఐ నుంచి రూ.11,400 ఖర్చు పెట్టాడు. ఇప్పుడు మళ్లీ విడుదలైన ఓ పాత గేమ్‌ను రూ.1,500 పెట్టి కొనమంటున్నాడు. అందులో కేసినో ఉందట. జూదం అలవాటవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: పాత గేమ్ కొనిపెట్టండి. ఆపాల్సింది ప్యాక్‌లని.

ఆ కేసినోలో తిరిగేవి ఉత్తుత్తి నాణేలు. ఒక్కసారి డబ్బు కడితే గేమ్ మొత్తం మీవాడిదే. కాకపోతే స్టోర్ పేజీలో ‘యాప్‌లో కొనుగోళ్లు’ అని ఉందేమో చూడండి. పాత గేమ్‌కు కొత్త దుకాణం తగిలించి వదిలేవాళ్లూ ఉన్నారు.

మీలాగే పొరబడ్డవాళ్లు పెద్ద సంస్థల్లోనూ ఉన్నారు. యూరప్‌లో గేమ్‌లకు వయసు రేటింగ్ ఇచ్చే పెగీ, జూదం నేర్పే కొత్త గేమ్‌లకు 18 ఏళ్ల ముద్ర వేయడం 2020లో మొదలుపెట్టింది. అసలు డబ్బుకు ప్యాక్‌లమ్మిన ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 22కి మాత్రం 3 ఏళ్ల ముద్ర వేసింది! ఆ ప్యాక్‌లు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో 2022లో కోర్టు కాదంది. మన దేశంలో 2025లో వచ్చిన చట్టం డబ్బు గెలుస్తామనే ఆశతో పందెం కాసే ఆన్‌లైన్ ఆటల మీద. ప్యాక్‌లో వచ్చిన ఆటగాణ్ని నగదుగా మార్చుకునే దారి కంపెనీ ఇవ్వదు కాబట్టి, ఆ చట్టమే చూసుకుంటుందని కూర్చోకండి.

నేను చూసేది ఒక్కటే: డబ్బు కట్టే ముందు ఏం వస్తుందో తెలుసా, తెలియదా? తెలియకపోతే ఇంటి బడ్జెట్‌లో దాన్ని జూదం కిందే రాస్తాను.

లెక్క మీవాడితోనే వేయించండి. కోరుకున్న ఆటగాడు వచ్చే అవకాశం 1 శాతం, ప్యాక్ రూ.60 అనుకుందాం. వంద ప్యాక్‌లకు రూ.6,000. వంద తెరిస్తే ఖాయంగా వస్తాడనుకుంటారు పిల్లలు. ఒక ప్యాక్‌లో రాకపోయే అవకాశం 0.99. వంద 0.99లను ఒకదానితో ఒకటి గుణిస్తే 0.366. అంటే అంత ఖర్చుపెట్టిన ప్రతి వందమందిలో దాదాపు 37 మందికి ఆ ఆటగాడు రాడు. నూట ఒకటో ప్యాక్‌కూ అవకాశం అదే 1 శాతం.

ఈరోజే ప్లే స్టోర్‌లోంచి మీ యూపీఐ తీసేయండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. గత 48 గంటల్లో కొన్నవి ఉంటే గూగుల్‌కు రీఫండ్ కోసం రాయండి. పాతవాటి మీద ఆశ పెట్టుకోకండి. నెలకు ఇంత అని పాకెట్ మనీ వాడి చేతికే ఇచ్చి, ఈ రూ.1,500 అందులోంచి మూడు నెలల్లో కోసుకోండి.