చెరువు జనరేటర్‌కి బయోడీజిల్ చెయ్యాలనుకుంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

చెరువు కాడ జనరేటర్‌కి పోసే డీజిల్ ఖర్చు తట్టుకోలేక, హైవే హోటళ్లల్లో వాడేసిన నూనె తెచ్చి, దాన్ని మెథనాల్ అనే ఆల్కహాల్‌తో కలిపి బయోడీజిల్ చేద్దామనుకుంటుండావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే, చెయ్యి. కానీ కోడిగుడ్డు పెంకుల్ని కాల్చి సున్నం చేస్తే క్యాటలిస్ట్, అంటే రియాక్షన్‌ని నడిపించే పొడి, ఊరికే వస్తాది కాబట్టి అంతా చౌకే అనుకుంటుండావంట, అక్కడ కాస్త ఆగు. డబ్బులు పోయేది క్యాటలిస్ట్ కాడ కాదు, మెథనాల్ కాడ.

లెక్క చూడు. 10 లీటర్ల నూనెలో నిజంగా కలిసిపోయే మెథనాల్ లీటరుంబావే, కానీ పెంకుల సున్నంతో రియాక్షన్ పూర్తిగా జరగాలంటే మూడున్నర నుంచి నాలుగు లీటర్లు పొయ్యాల. మిగిలిన రెండున్నర లీటర్లని ఆవిరి చేసి కండెన్సర్‌లో చల్లార్చి మళ్లీ క్యాన్‌లోకి పట్టుకున్నోడికే ఇది గిట్టుబాటు, గాలికి వదిలేసినోడికి బంకులో డీజిలే నయం. అందుకని ముందు మూత గట్టిగా పడే డ్రమ్ము, కండెన్సర్ చేయించుకో, పెంకుల సంగతి తర్వాత.

అలాగైతే కాస్టిక్ సోడానే వాడొచ్చు కదా మామా అంటావు. వాడొచ్చు, మెథనాల్ తక్కువ పడతాది, గంటలో పనైపోతాది కూడా. కానీ అది కరిగిపోయి మళ్లీ చేతికి రాదు, నీళ్లతో రెండు మూడుసార్లు కడగాల, ఆ సబ్బు నీళ్లు నీ చెరువులోకి పోతే రొయ్య పరిస్థితి ఏంది? సున్నం పొడిగా అడుగున నిలబడతాది, వడకట్టి కొన్నిసార్లు మళ్లీ వాడుకోవచ్చు. కొంచెం కాల్షియం డీజిల్‌లోకి దిగుతాది, కాబట్టి కడిగే పని పూర్తిగా పోదు, తగ్గుతాది అంతే.

పెంకుల్ని బేకరీల్లో, హోటళ్లలో అడుగు, ఊరికే ఇస్తారు. సున్నం కోసం పులికాట్ సరస్సులో గుల్ల తవ్వి అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు, అది పక్షుల అభయారణ్యం. పెంకులు కడిగి ఎండబెట్టి పొడి చేసి 900 డిగ్రీల దాకా కాల్చాల, 800 లోపల అయితే అది సున్నం కాదు, మాడిన పెంకే. కమ్మరి కొలిమిలో బ్లోయర్ పెట్టి మూసలో కాలిస్తే ఆ వేడి వస్తాది, కాలినాక కిలో పెంకులకి అరకిలో పైచిలుకు మిగులుతాది. చల్లారంగానే గాలి దూరని డబ్బాలో పెట్టెయ్, గాలి తగిలితే తేమా కార్బన్ డయాక్సైడూ పీల్చుకుని చచ్చిపోతాది. చిటికెడు పొడి మీద నీళ్లు చుక్కేస్తే సుయ్‌మని వేడెక్కాల, ఎక్కకపోతే వాడొద్దు. కిళ్లీ కొట్టు సున్నం ఎందుకు పనికిరాదో దీంతో నీకే అర్థమవుతాది, అది నీళ్లు తాగేసిన సున్నం.

కొలిమి దొరక్కపోతే అరటి తొక్కలు ఎండబెట్టి తెల్ల బూడిదయ్యేదాకా కాల్చు. అందులో పొటాషియం కార్బనేట్ ఉంటాది, బాగానే పనిచేస్తాది, కానీ మెథనాల్‌లోకి కరుగుతా ఉంటాది కాబట్టి ఎక్కువసార్లు రాదు.

ఇంక నూనె. బట్టలో వడగట్టి 110 డిగ్రీల దాకా కాచు, చిటపటలు పూర్తిగా ఆగాల, తేమ ఉంటే సున్నం చెడి సబ్బు తయారవుతాది. హోటల్ నూనెలో పులుపు, అదే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, 1 శాతం దాటినా సబ్బే. దాన్ని నువ్వే చూసుకోవచ్చు: 1 మిల్లీలీటర్ నూనెని 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి చిటికెడు పసుపు వెయ్, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు సిరంజితో చుక్కచుక్కగా వదులు, పారాణిలాగా ఎర్రబడి అట్నే నిలబడిందాకా. ఒకటింబావు మిల్లీలీటర్ లోపలే ఎర్రబడితే ఆ నూనె తీసుకో. రెండు మూడు దాటితే ఎంత చౌకగా ఇచ్చినా వద్దను.

వంట సంగతి తక్కువే: 10 లీటర్ల నూనెకి ముందు చెప్పిన మెథనాల్, 300 గ్రాముల దాకా సున్నం పొడి, 60 నుంచి 65 డిగ్రీలు, మూత పెట్టి రెండు మూడు గంటలు ఆపకుండా కలపాల. రాత్రంతా వదిలితే, రియాక్షన్‌లో బయోడీజిల్‌తో పాటు తయారయ్యే గ్లిజరిన్ కిందకి దిగుతాది. పైన ఉండే బయోడీజిల్ తీసి, మెథనాల్ ఆవిరి చేసినాక 3 మిల్లీలీటర్లు 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో వేసి చూడు, అంతా కరిగిపోతే మంచిది, అడుగున నూనె బొట్టు నిలబడితే రియాక్షన్ పూర్తి కాలేదని.

అబ్బయా, మెథనాల్ కాడ మాత్రం నా మాట విను. తాగితే కళ్లు పోతాయి, ప్రాణం కూడా పోతాది, దాని మంట పగటి వెలుతురులో సరిగ్గా కనపడదు. ఇంట్లో వద్దు, గ్యాస్ పొయ్యి మీద అసలొద్దు, ఆరుబయట షెడ్డులో కరెంటు హీటరుతో కాగే నీళ్ల తొట్టిలో డ్రమ్ము పెట్టి చెయ్, స్విచ్చి దూరంగా ఉండాల. లైసెన్స్ ఉన్న డీలర్ కాడ బిల్లుతో కొను, వాటర్ బాటిల్లో పొయ్యొద్దు, చెరువు కాడ పనివాళ్లు పొరపాటున తాగితే ఏంది గతి.

ఇంజన్‌లో మొదట డీజిల్‌లో ఐదో వంతే కలుపు, పాత ట్యాంకులో మురికి కడుక్కొచ్చి ఫిల్టర్ మూసుకుపోతాది, కొత్త ఫిల్టర్ పక్కన పెట్టుకో, రబ్బరు పైపులు ఉబ్బుతాయి, అవీ చూస్తా ఉండు. పక్క చెరువులోళ్లు అడిగినా అమ్మొద్దు, అమ్మాలంటే పర్మిషన్లు కావాల, బయోడీజిల్‌కి ఉండే భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం టెస్టులు కావాల.

ముందు ఆ కావలి హోటల్ నూనె ఒక బాటిల్ తెచ్చి పసుపు టెస్టు చేసి ఎన్ని మిల్లీలీటర్లకి ఎర్రబడిందో ఫోన్ చెయ్, అది విన్నాకే మెథనాల్‌కి డబ్బులు కట్టు.

మీ మామ