బస్తాలు ఎత్తుతుంటే నడుము పట్టేసింది, సెలవు పెట్టమంటున్నారు. పరిహారం వస్తుందా?

వస్తుంది. కానీ ముందు సెలవు చీటీ మీద సంతకం పెట్టకండి. నేను పెట్టాను, అందుకే చెప్తున్నా.

పశువుల దాణా ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద లోడింగ్ చేసేవాణ్ని. ఈఎస్‌ఐ కార్డు, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉంది. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. లారీకి ఆనించిన చెక్క తడిసిపోయింది. 50 కిలోల బస్తా వీపున వేసుకుని ఎక్కుతుంటే కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకోబోయి నడుము మెలి తిరిగింది. బస్తా వదిలేసి ఉంటే ఇంత అయ్యేది కాదేమో. చిరిగితే మా కూలిలో కోస్తారని వదల్లేదు. ఎడమ కాలు మడమ దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగేసింది. తవుడు బస్తాల మీద బోర్లా పడుకోబెట్టి మేస్త్రి బామ్ రాశాడు. ఇప్పటికీ తవుడు వాసన తగిలితే నా నడుము దానంతటదే బిగుసుకుంటుంది.

డిస్పెన్సరీకి సూపర్‌వైజర్ వెంట వచ్చాడు. డాక్టరుగారు "ఎప్పట్నుంచి?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే "రెండు నెలల్నుంచి ఉందంటున్నాడండీ" అన్నాడు. పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటున్న నేను ఆ మాట కాదనలేకపోయాను. నేను సంతకం పెట్టిన చీటీలో అదే పడింది. ఆ ఒక్క ముక్క సరిచేయించడానికి ఎనిమిది నెలలు తిరిగాను.

దాని ఖరీదు ఇదీ. మామూలు జబ్బు అని రాస్తే ఈఎస్‌ఐ జీతంలో 70 శాతం ఇస్తుంది, అదీ ఏడాదికి 91 రోజులే. పనిలో దెబ్బ అని రాస్తే 90 శాతం, కోలుకునేదాకా. శాశ్వతంగా లోపం మిగిలితే మెడికల్ బోర్డు చూసి నెలనెలా డబ్బు వచ్చేలా చేస్తుంది. కంపెనీ ప్రమాద నివేదిక పంపితేనే ఇదంతా సాఫీగా కదులుతుంది. మావాళ్లు పంపలేదు. చివరికి నన్ను ఆదుకుంది గేటు రిజిస్టర్. ఆ లారీ నంబరు, లోపలికొచ్చిన టైము అందులో ఉన్నాయి. మా ముఠాలో, అంటే మా కూలీల జట్టులో, ఇద్దరు సాక్ష్యం రాసిచ్చారు. మూడో అతను ఇవ్వనన్నాడు. అతని కూతురి కాలేజీ ఫీజు కాంట్రాక్టరే కట్టాడు, అతన్ని నేను తప్పుపట్టను.

నడుము దెబ్బతో ఇంకో బాధ ఉంది. చెయ్యి తెగితే రక్తం కనిపిస్తుంది, నడుముకి ఏం కనిపిస్తుంది? ఎక్స్‌రేలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కనపడదు. ఎమ్మారై తీసేదాకా మా బావమరిది కూడా నాటకమనే అనుకున్నాడు. ఇక నడుం బెల్టులు ఇచ్చి చేతులు దులుపుకునే కంపెనీలంటే నాకు ఒళ్లు మంట. బెల్టు కట్టుకున్నంత మాత్రాన బరువు తగ్గదు, బస్తా తగ్గాలి. మన కోస్తాలో ఇప్పటికీ ధాన్యం బస్తా అంటే 75 కిలోలే. మనిషి వీపు మీద మోసే బస్తాకి ఆ లెక్క ఎందుకు పెట్టారో ఎవరైనా చెప్పాలి.

ఈఎస్‌ఐ లేకపోతే యజమానే ఇవ్వాలి. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం పూర్తిగా పనికిరాకుండా పోతే జీతంలో 60 శాతాన్ని వయసుకు తగిన అంకెతో గుణిస్తారు. 40 ఏళ్లకి ఆ అంకె 184.17. లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. అంటే 16,57,530 రూపాయలు. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని డాక్టరు తేలిస్తే అందులో ఐదో వంతు, 3,31,506. ఇప్పుడు ఆ చట్టం కొత్త కార్మిక చట్టమైన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది కాబట్టి మీ కేసుకి లెక్క ఎలా వేస్తారో లేబర్ ఆఫీసులో అడగండి. కాంట్రాక్టరు మాయమైపోయినా అసలు కంపెనీని అడిగే హక్కు మీకుంది. "నువ్వు మా మనిషివి కావు" అంటే నమ్మి వెనక్కి రాకండి.

రేపు మళ్లీ డాక్టరు దగ్గరికి ఇంట్లోవాళ్లతో వెళ్లండి, కంపెనీ మనిషితో వద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం ఎత్తుతుంటే అయిందో చెప్పి రాయించండి. దెబ్బ తగిలినప్పుడు మీ పక్కనున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ రాత్రే తీసుకోండి. సీజన్ అయిపోతే ముఠా ఏ ఊరు పోతుందో తెలీదు. నా సాక్షుల్లో ఒకరిని పట్టుకోవడానికి నేను రాయచూరు దాకా వెళ్లాను, అదీ ఆ నడుముతో, బస్సులో నిలబడి.