మేనేజర్‌కి కథ రాసిచ్చేయాలా?

ప్రశ్న: మాది తణుకు. ఉద్యోగం చేసుకుంటూనే మూడు సినిమా కథలు రాశాను. ఒకటి బౌండ్ స్క్రిప్ట్ (సీన్లు, డైలాగులతో సహా పూర్తి ప్రతి) కూడా పూర్తయింది. హైదరాబాద్‌లో రచయితలకు మేనేజర్‌నంటూ ఒకాయన పరిచయమయ్యారు. పెద్ద బ్యానర్లలో నెరేషన్లు, అంటే కథ వినిపించే అవకాశాలు, ఇప్పిస్తానంటున్నారు. ముందుగా రూ.60 వేలు కట్టాలట. ఐదేళ్ల అగ్రిమెంటు, నా పారితోషికంలో 25 శాతం ఆయనకి. 'ఉన్న కథలు, రాయబోయే కథల సర్వహక్కులు' కూడా ఆయనవేనని అందులో ఉంది. సంతకం పెట్టొచ్చా? వద్దంటే, ఇండస్ట్రీలో నా తరఫున మాట్లాడే మనిషి ఎలా దొరుకుతారు?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. 25 శాతం ఎక్కువే, రూ.60 వేలు అన్యాయమే. కానీ నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ 'సర్వహక్కులు' అన్న మాట.

మీ తరఫున మాట్లాడమని ఒకరికి అధికారం ఇవ్వడం వేరు, కథను ఆయన పేర రాసివ్వడం వేరు. మొదటిదాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెన్సీ అంటుంది. ఏజెంటు మీరు చెప్పినట్టు నడుచుకోవాలి, అడిగినప్పుడు లెక్కలు చూపాలి. రెండోది 1957 కాపీరైట్ చట్టం కింద హక్కుల బదిలీ. మీ అగ్రిమెంటు ఈ రెండింటినీ కలిపేసింది. సంతకమయ్యాక ఆయన నిర్మాత ముందు కూర్చునేది మీ మనిషిగా కాదు, కథకు సొంతదారుగా. ఇంకా రాయని కథను ముందే బదిలీ చేయడాన్ని కూడా చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి 'రాయబోయే కథలు' అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు.

ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎంత డబ్బు అన్నవి బదిలీ పత్రంలో స్పష్టంగా ఉండాలని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. అవి లేవని కోర్టులో వాదించొచ్చు. కానీ ఆ వాదన తేలేలోగా మీ కథకు కాలం చెల్లిపోవచ్చు. ఒక్క ఊరట ఉంది. 2012 సవరణ తర్వాత, మీ కథతో తీసిన సినిమాను థియేటర్ల బయట వాడుకున్నప్పుడు రావాల్సిన రాయల్టీలో మీ సమాన వాటాను వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా ఆ షరతు చెల్లదు.

ఇక డబ్బు సంగతి. ఏజెంటు మీకు వచ్చినదాంట్లోంచి తీసుకోవాలి, మీ జేబులోంచి ముందే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో టాలెంట్ ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, రచయితల ఏజెంట్లు మామూలుగా తీసుకునేది 10 శాతం. మన దగ్గర సినిమా ఏజెంట్ల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి మీకు రక్షణ అగ్రిమెంటులోని మాటలే.

మీ రెండో ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, తెలుగులో కొత్త రచయిత ఏజెంటు ద్వారా రావడం అరుదు. ఎక్కువమంది దర్శకుల రైటింగ్ టీముల్లో చేరి, కథా చర్చల్లో కూర్చుని, కో-డైరెక్టర్ల పరిచయంతోనో షార్ట్ ఫిల్మ్ చూపించో వస్తారు. అలా చేరేటప్పుడు కూడా జీతమెంత, టైటిల్ కార్డులో పేరుంటుందా అన్నవి మెయిల్‌లోనైనా రాయించుకోండి. మొహమాటం పడితే తర్వాత నిరూపించడానికి ఏమీ మిగలదు.

ఈయనతోనే వెళ్లాలనుకుంటే కాగితం మార్చమనండి. ఒకే కథకు, ఒక ఏడాదికి, ఆయన తెచ్చిన ఒప్పందం మీద మాత్రమే 10 శాతం. డబ్బు ముందు మీ ఖాతాలో పడాలి. నిర్మాతతో ఒప్పందం మీద సంతకం మీరే చేయాలి. ఎవరెవరికి కథ వినిపించారో రాతపూర్వకంగా చెప్పాలి. 30 రోజుల నోటీసుతో తప్పుకునే వీలుండాలి. హక్కుల బదిలీ ఊసే ఉండకూడదు. నిజంగా పని చేసే మనిషికి వీటితో ఇబ్బంది ఉండదు.

నెరేషన్‌కి ముందే స్క్రిప్ట్‌ను తెలుగు సినీ రచయితల సంఘంలోనో, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనో నమోదు చేయించండి. ముంబై సంఘంలో అందుకు సభ్యత్వం అవసరం. కాపీరైట్ ఆఫీసులోనూ నమోదు చేయించొచ్చు, అక్కడ సాహిత్య రచనకు ఫీజు రూ.500. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీదే, నమోదు కేవలం సాక్ష్యం. ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేస్తే కథకు రక్షణ వచ్చినట్టు కాదు. ఒట్టి లైన్‌కి, అంటే కథగా విస్తరించని ఆలోచనకి, కాపీరైట్ ఉండదని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మిగతా రెండు కథలు ఇంకా లైన్ దశలోనే ఉంటే ఎవరికీ చెప్పకండి, సీన్లుగా పూర్తిగా రాసుకోండి.

ఆయనకి స్క్రిప్ట్ ఇప్పటికే పంపి ఉంటే ఈరోజే ఒక మెయిల్ పెట్టండి. కథ పేరు, ఇచ్చిన తేదీ, చదవడానికి మాత్రమే ఇచ్చానని, నా అనుమతి లేకుండా ఎవరికీ చూపొద్దని రెండు వాక్యాల్లో రాయండి. రూ.60 వేలు కట్టేసి ఉంటే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ వివరాలు దాచుకోండి. మొదటినుంచీ అబద్ధాలు చెప్పి తీసుకున్నట్టు తేలితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం ఫిర్యాదుకు అవే ఆధారం.