పాయింట్ల పట్టిక పక్కన పెట్టి గోల్‌లో ఎవరు నిలబడ్డారో చూడండి

ప్రశ్న: కెనడాకి వచ్చి ఎనిమిది నెలలైంది, మిస్సిసాగాలో ఉంటున్నాను. 2025 ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి ఐస్ హాకీ లీగ్) ప్లేఆఫ్స్ శనివారం, అంటే ఏప్రిల్ 19న మొదలవుతున్నాయి కదా, ఆఫీసులో అందరూ ఏ రౌండ్‌లో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే బ్రాకెట్ నింపుతున్నారు, నన్నూ నింపమన్నారు. హాకీ పెద్దగా తెలియదు. పాయింట్ల పట్టికలో పైనున్న టీమ్‌లను రాసేస్తే సరిపోతుందా? మీరైతే ఎవరిని రాస్తారు?

జవాబు:

సరిపోదండి. నేను సరిగ్గా అలాగే రాసి రెండుసార్లు మొదటి రౌండ్‌లోనే పోయాను, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మాది ఖమ్మం. 2016 నుంచి ఎడ్మంటన్‌లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో మీలాగే నాకూ హాకీ అంటే ధ్యాన్‌చంద్ హాకీయే తెలుసు, మంచు మీద హాకీ చూసింది లేదు. మా పక్కింటి పెద్దాయన చలికాలంలో వాకిట్లో మంచు తీస్తూ రాత్రి జరిగిన మ్యాచ్ గురించి చెప్పేవాడు. ఆయనకి జవాబు చెప్పడం కోసం చూడటం మొదలుపెట్టి ఇప్పుడు ఒక్క మ్యాచ్ కూడా వదలలేని స్థితికి వచ్చాను.

ముందు మీకు అర్థమయ్యేలా ఒక మాట. మన ఐపీఎల్‌లో 2016 గుర్తుందా? కోహ్లీ ఒక్కడే 973 పరుగులు చేశాడు, పట్టికలో గుజరాత్ లయన్స్ మొదటి స్థానంలో ఉంది, కప్పు మాత్రం మూడో స్థానంలో ఉన్న మన సన్‌రైజర్స్ కొట్టుకొచ్చింది. అయితే అక్కడ ఒక్క మ్యాచ్‌తో తేలిపోతుంది కాబట్టి అదృష్టం అనుకోవచ్చు. ఇక్కడ ఒక్కో రౌండ్‌లో ఏడు మ్యాచ్‌లు, ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళ్తారు, అలా నాలుగు రౌండ్లు, అంటే కప్పు కావాలంటే పదహారు మ్యాచ్‌లు గెలవాలి. ఇన్ని మ్యాచ్‌లు ఉంటే మంచి టీమే గెలవాలి కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ప్లేఆఫ్స్‌కి ముందు జరిగే రెగ్యులర్ సీజన్‌లో అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న టీమ్ ఆ కప్పు, అంటే స్టాన్లీ కప్ కూడా గెలిచింది అంటే చివరిసారి 2013లో, చికాగో. ఆ తర్వాత ఒక్కసారి కూడా జరగలేదు.

2019లో మా ఆఫీసు పూల్‌లో, అంటే అందరూ బ్రాకెట్లు నింపి పోటీపడేదాంట్లో, మొదటిసారి బ్రాకెట్ నింపాను. టాంపా బే ఆ ఏడు 82 మ్యాచ్‌ల్లో 62 గెలిచింది. ఆలోచించడానికి ఏముంది, టాంపా అని రాసేశాను. మొదటి రౌండ్‌లో ఎదురుగా కొలంబస్. మొదటి మ్యాచ్ మొదటి పీరియడ్ అయ్యేసరికి టాంపా 3-0తో ముందుంది, నేను లేచి అన్నం తినడానికి వెళ్ళాను. ఆ మ్యాచ్ 4-3తో ఓడిపోయారు. ఆ తర్వాత మూడూ ఓడిపోయారు. నాలుగుకి నాలుగు!

2023లో బోస్టన్. అది ఇంకా పెద్ద టీమ్, 65 విజయాలు, 135 పాయింట్లు, లీగ్ చరిత్రలోనే అన్ని పాయింట్లు ఎవరికీ రాలేదు. మళ్ళీ ఆలోచించలేదు. మొదటి రౌండ్‌లో ఆఖరి క్షణంలో లోపలికి వచ్చిన ఫ్లోరిడా మీద 3-1తో ముందుండి, వరసగా మూడు ఓడి ఇంటికి పోయారు. ఏడో మ్యాచ్‌లో ఇంకో నిమిషం ఆగితే బోస్టన్ గెలిచేది, అప్పుడు సమం చేసి ఓవర్‌టైమ్‌లో గెలిచింది ఫ్లోరిడా.

ఇక పోయిన ఏడాది. అది పూల్ సంగతి కాదు, మా ఊరి సంగతి. ఫైనల్‌లో మా ఎడ్మంటన్ టీమ్ ఆయిలర్స్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఫ్లోరిడా చేతిలో ఓడింది. అందరూ అయిపోయిందన్నారు. తర్వాత మావాళ్ళు వరసగా మూడు గెలిచారు, 8-1, 5-3, 5-1. ఫైనల్‌లో 0-3 నుంచి ఏడో మ్యాచ్ దాకా తీసుకెళ్ళిన టీమ్ 1945 తర్వాత ఇదే. జూన్ 24న ఏడో మ్యాచ్. మా బేస్‌మెంట్‌లో ఐదారు తెలుగు కుటుంబాలు, పిల్లలు అందరూ నారింజ రంగు జెర్సీలు వేసుకుని కూర్చున్నాం, మిరపకాయ బజ్జీలు చేసి పెడితే ఎవరూ ముట్టలేదు. 2-1తో పోయింది. ఒక్క గోల్. మా కెప్టెన్ మెక్‌డేవిడ్ ఓడిపోయిన టీమ్‌లో ఉండి కూడా ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ తెచ్చుకున్నాడు, దాన్ని తీసుకోవడానికి మంచు మీదకి తిరిగి రాలేదు. మా అమ్మాయి ఆ రాత్రి జెర్సీ తీయకుండానే పడుకుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు ఒక విషయం కనిపించింది. 2019లో కొలంబస్ గోల్‌లో ఉన్నది సెర్గీ బాబ్రోవ్‌స్కీ. 2023లో సిరీస్ మధ్యలో గోల్‌లోకి వచ్చి బోస్టన్‌ని ఆపింది బాబ్రోవ్‌స్కీ. 2024 ఏడో మ్యాచ్‌లో మావాళ్ళు కొట్టిన 24 షాట్లలో 23 ఆపింది కూడా ఆయనే. నేను పాయింట్లు, గోల్స్, స్టార్ ఆటగాళ్ళ పేర్లు చూస్తూ కూర్చున్నాను, మూడుసార్లూ అవతల గోల్‌లో నిలబడ్డ మనిషి ఒక్కడే.

గోల్ కీపర్‌ని ఇక్కడ గోలీ అంటారు. మిగతా ఆటగాళ్ళు నలభై, యాభై సెకన్లకోసారి మారుతుంటారు, గోలీ మాత్రం మొత్తం మ్యాచ్ అక్కడే ఉంటాడు. ప్లేఆఫ్స్‌లో ఒక్కొక్కరుగా వెళ్ళి గోలీ మీద షాట్ కొట్టి తేల్చే షూటౌట్ ఉండదు, సమంగా ఉంటే గోల్ పడేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఓవర్‌టైమ్ ఆడుతూనే ఉంటారు. 2023లో ఫ్లోరిడా, కరోలైనా మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ చివరిదాకా వెళ్ళింది, బాబ్రోవ్‌స్కీ 63 షాట్లు ఆపాడు. అలాంటి రాత్రి పాయింట్ల పట్టిక ఏం చేస్తుంది చెప్పండి.

మా అమ్మాయి మూడేళ్ళుగా పిల్లల లీగ్‌లో గోలీగా ఆడుతోంది. పొద్దున ఆరింటికి రింక్‌లో, గోల్ వెనకాల అద్దం దగ్గర నిలబడి చూసీచూసీ నాకు కొంత తెలిసొచ్చింది. ఎన్ని షాట్లు ఆపింది అన్నది ఒక్కటే చూడకూడదు, ఆపిన తర్వాత పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడికి పోయిందో చూడాలి. బాగా ఆడుతున్న రోజు పక్ ఒంటికి అతుక్కుపోతుంది, లేదా మూలకి పోతుంది. బెదిరిన రోజు తొందరపడి మోకాళ్ళ మీదకి దిగిపోతుంది, పక్ తగిలి సరిగ్గా గోల్ ముందుకే తిరిగొస్తుంది, అక్కడ కాచుకుని ఉన్నవాళ్ళు తోసేస్తారు. పెద్దవాళ్ళ ఆటలోనూ అంతే, వేగమే తేడా.

ఇప్పుడు నా బ్రాకెట్ చెప్తాను, నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చుని రాసింది.

విన్నిపెగ్, సెయింట్ లూయిస్. ఈ ఏడాది పట్టికలో మొదటి స్థానం విన్నిపెగ్‌ది, 116 పాయింట్లు. వాళ్ళ గోలీ కానర్ హెల్లెబక్‌ని మించినవాడు ప్రస్తుతం లీగ్‌లో లేడు, రెగ్యులర్ సీజన్‌లో. ఆ చివరి మాట ముఖ్యం. పోయిన ఏడాది మొదటి రౌండ్‌లో కొలరాడో ఐదు మ్యాచ్‌ల్లో 28 గోల్స్ వేసింది అతని టీమ్ మీద. ఎదురుగా సెయింట్ లూయిస్ గోలీ బిన్నింగ్టన్, 2019లో కప్పు గెలిచినవాడు. మొన్న ఫిబ్రవరిలో నాలుగు దేశాల టోర్నీ ఫైనల్ బోస్టన్‌లో జరిగినప్పుడు కెనడా గోల్‌లో బిన్నింగ్టన్, అమెరికా గోల్‌లో హెల్లెబక్, ఓవర్‌టైమ్‌లో మెక్‌డేవిడ్ గోల్‌తో కెనడా 3-2తో గెలిచింది. అందుకని ఇది తేలిగ్గా అయిపోయే సిరీస్ కాదు. విన్నిపెగ్ అనే రాశాను, కానీ ఏడు మ్యాచ్‌లు. తర్వాతి రౌండ్ దాటరు.

డల్లాస్, కొలరాడో. దీనిమీద నాకు ఎక్కువ సమయం పట్టింది. డల్లాస్‌కి డిఫెన్స్‌లో హైస్కనెన్ జనవరి నుంచి లేడు, ఆఖరి మ్యాచ్‌లో రాబర్ట్‌సన్ కూడా దెబ్బ తగిలించుకున్నాడు, సీజన్ చివర్లో వరసగా ఓడుతూ వచ్చారు. కొలరాడోకేమో కెప్టెన్ లాండెస్కోగ్ తిరిగి రావచ్చంటున్నారు. 2022లో కప్పు గెలిచిన రాత్రి తర్వాత మోకాలి వల్ల ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు ఆయన, ఈ నెలలో కింది లీగ్‌లో రెండు ఆడాడు. ఆయన మంచు మీదకి వస్తే ఆ స్టేడియం ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. ఒక్క భయం ఏమిటంటే కొలరాడో జనవరిలో వదులుకున్న రాంటనెన్ కరోలైనా మీదుగా ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. పాత టీమ్ మీద ఆడేవాడిలో ఉండే కసి వేరు. అయినా కొలరాడో, ఆరు మ్యాచ్‌లు.

వేగాస్, మిన్నెసోటా గురించి పెద్దగా చెప్పేది లేదు, వేగాస్ ఆరులో. వాషింగ్టన్, మాంట్రియల్‌లో వాషింగ్టన్ ఐదులో. వాషింగ్టన్ ఆటగాడు ఒవెచ్కిన్ ఏప్రిల్ 6న 895వ గోల్ వేసి, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ అన్న గ్రెట్జ్‌కీ రికార్డు దాటాడు, వీలైతే ఆ మనిషిని ఈ నెలలో ఒక్క మ్యాచ్ అయినా చూడండి, మళ్ళీ ఎన్నేళ్ళు ఆడతాడో. న్యూజెర్సీకి స్టార్ ఆటగాడు జాక్ హ్యూజ్ లేడు కాబట్టి కరోలైనా ఐదులో.

మీ టొరంటో. ఆదివారం ఒట్టావాతో మొదలు. ఈ రెండు టీమ్‌లూ ప్లేఆఫ్స్‌లో ఇప్పటిదాకా నాలుగుసార్లు తలపడితే నాలుగూ టొరంటోవే, కాకపోతే అవన్నీ 2000 నుంచి 2004 మధ్య జరిగినవి. ఒట్టావా గోల్‌లో ఇప్పుడు ఉన్నది ఉల్‌మార్క్, నేను 2023లో నమ్ముకున్న ఆ బోస్టన్ గోలీయే. ఆ ఏడు లీగ్‌లో ఉత్తమ గోలీ అవార్డు ఆయనదే, ప్లేఆఫ్స్ మాత్రం కలిసిరాలేదు. టొరంటో గోల్‌లో స్టోలార్జ్, పోయిన ఏడాది ఫ్లోరిడాలో బాబ్రోవ్‌స్కీ పక్కన రెండో గోలీగా ఉండి కప్పు ఎత్తినవాడు. టొరంటో, ఆరు మ్యాచ్‌లు. కానీ రెండో రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో ఏడో మ్యాచ్‌లో పోతారని రాశాను. 1967 తర్వాత కప్పు చూడని ఊరు, ఈ మాట మీ ఆఫీసులో ఎవరికీ నచ్చదు.

ఫ్లోరిడా మొదట టాంపాని దాటాలి. ఇద్దరూ ఒకే రాష్ట్రంవాళ్ళు, టాంపా గోల్‌లో వాసిలెవ్‌స్కీ ఉన్నాడు, చిన్న సంగతి కాదు. ఫ్లోరిడా ఈసారి తమ డివిజన్‌లో మూడో స్థానంలోనే ఉంది. వాళ్ళ స్టార్ ఆటగాడు కచక్ ఫిబ్రవరి నుంచి దెబ్బతో కూర్చున్నాడు, డిఫెన్స్‌లో ఎక్‌బ్లాడ్ సస్పెన్షన్ వల్ల మొదటి రెండు మ్యాచ్‌లకి లేడు. ఇవన్నీ తెలిసే రాస్తున్నాను. పాయింట్లు చూస్తే రాయను. మార్చిలో బోస్టన్ నుంచి మార్షాండ్‌ని తెచ్చుకున్నారు, 36 ఏళ్ళ బాబ్రోవ్‌స్కీ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆరులో ఫ్లోరిడా, తర్వాత టొరంటో మీద ఏడులో, ఆ తర్వాత కరోలైనా మీద ఆరులో, ఫైనల్‌కి.

ఇంక మావాళ్ళు. లాస్ ఏంజెలెస్‌తో వరసగా నాలుగో ఏడాది మొదటి రౌండ్‌లో పడ్డాం, గత మూడుసార్లూ మనమే గెలిచాం. ఈసారి వాళ్ళు సొంత ఊళ్ళో 41 మ్యాచ్‌ల్లో 31 గెలిచారు, సిరీస్ అక్కడే మొదలవుతుంది, వాళ్ళ గోలీ కెంపర్ మంచి ఊపులో ఉన్నాడు, మాకు డిఫెన్స్‌లో ఎక్‌హోమ్ లేడు. మా డ్రైసైటిల్ 52 గోల్స్‌తో లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నా చివర్లో దెబ్బతో ఆగాడు. మరి మా గోలీ స్కిన్నర్? మా ఊరి పిల్లాడు, ఇక్కడే పుట్టి పెరిగాడు. పోయిన ఏడాది వాంకూవర్ సిరీస్ మధ్యలో రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టారు. తిరిగొచ్చి ఆ సిరీస్ గెలిపించాడు. డల్లాస్ మీద ఆఖరి మ్యాచ్‌లో మావాళ్ళు మొత్తం పది షాట్లే కొట్టారు, అతను 34 ఆపాడు, 2-1తో గెలిచి ఫైనల్‌కి వెళ్ళాం. అది మర్చిపోయి మాట్లాడేవాళ్ళంటే నాకు బాధగా ఉంటుంది. ఎడ్మంటన్, ఏడు మ్యాచ్‌లు. వేగాస్ మీద కూడా ఎడ్మంటన్, ఏడు.

పశ్చిమం ఫైనల్‌లో కొలరాడో, ఎడ్మంటన్. ఇక్కడ అరగంట పెన్ను కదల్లేదు. కొలరాడో అని రాశాను. ఎక్‌హోమ్ లేని మా డిఫెన్స్ కొలరాడో స్టార్ మెకినన్ వేగాన్ని ఏడు మ్యాచ్‌లు ఆపగలదని నాకు నమ్మకం కుదరలేదు. ఫైనల్‌లో కొలరాడో మీద ఫ్లోరిడా, ఏడులో. అదే నా జవాబు, మీ బ్రాకెట్‌లో రాసుకోవాలంటే రాసుకోండి.

మా అమ్మాయి నా కాగితం చూసి, కొలరాడో పేరు దగ్గర వేలు పెట్టి, "డాడీ, నిజంగానా?" అంది. నిజంగానే అన్నాను. తను తన బ్రాకెట్‌లో చివరి గడిలో ఎడ్మంటన్ అని రాసి నాకు చూపించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. సోమవారం రాత్రి మొదటి మ్యాచ్‌కి బేస్‌మెంట్‌లో మళ్ళీ అందరం కూర్చుంటున్నాం, నేను రాసింది తప్పవ్వాలని అక్కడ అందరికంటే గట్టిగా కోరుకునేది నేనే.