ఐస్‌లాండ్ వెళ్తున్నావంట కదా అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల, "అక్కా దీన్ని గ్లాస్గోలో చదువుకోమని పంపిస్తే ఐస్‌లాండ్ పోతానంటోంది, అదీ అక్టోబర్లో, అదీ వీళ్లే కారు నడుపుకుంటారంట, నువ్వైనా చెప్పు" అని. చెప్తాన్లే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నాకు నవ్వాగలేదు, నిజం చెప్పాలంటే గర్వంగా కూడా అనిపించింది, మన ఇంటి ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుని ఒక దేశం చుట్టొస్తానంటే నేను వద్దంటానా? అనను. కానీ ఇది మొత్తం చదువు, సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

చిన్నవి ముందు చెప్పేస్తా. యూకే వీసా అక్కడ పనికిరాదు, షెంగెన్ అని యూరప్ దేశాల ఉమ్మడి వీసా ఉంటుంది, అది కావాలి. పెట్రోల్ బంకుల్లో చాలాచోట్ల మనిషుండడు, పిన్ ఉన్న కార్డు ఉండాల్సిందే. పగలైనా హెడ్‌లైట్లు వేసే నడపాలి. స్పీడు తారు రోడ్డు మీద గంటకి 90 కిలోమీటర్లు, కంకర రోడ్డు మీద 80, అది దాటొద్దు. రోడ్డు దిగి నాచు మీద కారు ఎక్కించారో ఫైన్ మామూలుగా ఉండదు. లోపలి కొండ రోడ్లు, ఎఫ్ అని నంబర్ ఉంటుందే, వాటి జోలికే పోవద్దు, అక్టోబర్లో చాలావరకు మూసేస్తారు కూడా.

పగలు చూసుకుని ప్లాన్ వేసుకోండి. నెల మొదట్లో పదకొండు గంటలు పైనే ఉండే వెలుతురు నెలాఖరుకి ఎనిమిది గంటలకి తగ్గిపోతుంది. దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్లు పైన ఉంది, నాలుగు రోజుల్లో చుట్టేద్దాం అంటున్నారని విన్నా, ఎవరే ఆ తెలివైనది? దక్షిణం వైపు చూసుకుని వెనక్కి రండి చాలు. దేశం మన తెలంగాణ కంటే కాస్త చిన్నది, జనం మాత్రం అటూ ఇటూగా నాలుగు లక్షలు, వాళ్లలో ఎక్కువమంది రాజధాని రేక్యావిక్ చుట్టుపక్కలే ఉంటారు, అది దాటి పోయాక టైరు పంచరైతే పిలవడానికి పక్కింటివాళ్లుండరు.

అగ్నిపర్వతం గురించి మీ అమ్మ తెగ భయపడుతోంది. దాన్ని భయపడనీ, నువ్వు పడకు. 2023 నవంబర్లో గ్రిండావిక్ అనే ఊరు ఊరంతా ముందే ఖాళీ చేయించారు, అంత కాచుకుని ఉంటారు వాళ్లు. నువ్వు భయపడాల్సింది గాలికి.

నవ్వకు. మీ పెదనాన్న కూడా ఇలాగే నవ్వారు. ఆయనది అనంతపురం కదా, గాలంటే ఆయనకి తెలిసింది ఫ్యాన్ గాలే. మేం ఐస్‌లాండ్ వెళ్లినప్పుడు విక్ అనే ఊళ్లో ఉన్నాం, పొద్దున్నే లేచి వాతావరణం సైట్ చూశారు, గాలి 20 అని ఉంది. "ఇరవయ్యే కదే, సైకిల్ కూడా అంత స్పీడ్ పోతుంది" అన్నారు. అక్కడ గాలిని సెకనుకి మీటర్లలో చెప్తారు తల్లీ! 20 అంటే గంటకి 72 కిలోమీటర్లు, అదీ సగటు, మధ్యలో విసిరి కొట్టే గాలి లెక్క వేరే. గెస్ట్‌హౌస్ ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఇవాళ వెళ్లకండి అని మెల్లిగా చెప్పింది. ఈయన వినలేదు, ఎందుకో తెలుసా, ఆ రాత్రికి హోఫ్న్ అనే ఊళ్లో హోటల్‌కి డబ్బు కట్టేశాం, క్యాన్సిల్ చేస్తే తిరిగి రాదు, అదీ ఆయన బాధ.

బయల్దేరాం. రోడ్డు పక్కన కరెంటు బోర్డులుంటాయి, ఉష్ణోగ్రత, గాలి ఎంతో చూపిస్తాయి, నంబర్ పెరుగుతూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నా, ఈయన రేడియో సౌండు పెంచారు. స్కాఫ్టాఫెల్ అనే చోటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన పెద్ద పెద్ద ఇనుప దూలాలు జంతికల్లా మెలితిరిగి పడున్నాయి. పాత వంతెన ముక్కలు. వాట్నయోకుల్ హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీళ్లన్నీ లోపల నిండి నిండి ఒక్కసారి బయటికి తన్నుకొచ్చి వంతెనల్ని లాక్కుపోయాయంట. ఎప్పుడో తెలుసా, 1996 నవంబర్ మొదటి వారం. నాకు ఒళ్లు జలదరించింది. సరిగ్గా అదే వారం మన కోనసీమలో తుఫాను. నువ్వు పుట్టలేదప్పటికి. తాతగారి కొబ్బరితోట రాత్రికి రాత్రి పోయింది, మీ అమ్మా నేనూ మంచం కింద ఒకళ్లనొకళ్లం పట్టుకుని కూర్చున్నాం, తలుపు గడియ ఊడిపోతే తాతగారు బియ్యం బస్తాలు అడ్డం పెట్టి తెల్లారేదాకా వాటికే వీపు ఆనించి ఉన్నారు. అందుకే మీ అమ్మ ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ఫోన్లు చేస్తుంది, దాన్ని విసుక్కోకు.

సరే ఎక్కడున్నాం, దూలాలు. ఫోటో తీస్తానని ఈయన కారాపారు, గాలి వెనకనుంచి కొట్టేలా కారు పెట్టి ఆపారు, తలుపు గడి తీశారంతే, చేతిలోంచి లాక్కుపోయింది. చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తలుపు ముందుకి విరుచుకుపడి బానెట్ పక్క రేకు నొక్కుకుపోయింది, ఇక మూస్తే పడదు. లోపలికి నల్ల ఇసుక కొట్టేస్తోంది, కళ్లు తెరవలేం. సూట్‌కేసుకి కట్టిన పసుపు నైలాన్ తాడు ఉంది కదా, మనవాళ్లు ఎయిర్‌పోర్టులో అందరూ నవ్వేలా కడతారే అది, దాన్ని విప్పి తలుపుని సీటుకి కట్టి, ఫ్రేస్‌నెస్ అనే చోట ఉన్న పెట్రోల్ బంకు దాకా పాక్కుంటూ వెళ్లాం. రాత్రి అక్కడే గది తీసుకున్నాం, ఏ హోటల్ డబ్బు కోసం పోయామో అదీ పోయింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం, గాలికి తలుపు విరిగితే సాధారణంగా వర్తించదంట, కాగితంలో చిన్నక్షరాల్లో ఉంది. బిల్లు ఎంతైందో మీ పెదనాన్ననే అడుగు, నాతో చెప్పించకు.

కాబట్టి విను. కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి. తలుపు రెండు చేతులా పట్టుకుని తీయాలి, ఒకళ్లు దిగి తలుపు మూశాకే ఇంకొకళ్లు. పొద్దున గాలి నంబర్ చూడు, రోడ్డు మూశారేమో చూడు, వాతావరణ హెచ్చరిక పసుపు దాటి ఆరెంజ్ రంగుకి వచ్చిందా, దుప్పటి కప్పుకుని పడుకో. పోయిన హోటల్ డబ్బులు నేనిస్తా, అడగడానికి మొహమాటపడకు.

రేనిస్‌ఫ్యారా అని నల్ల ఇసుక బీచ్ ఉంది, ఆ రాతి స్తంభాల దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. అలలు మామూలుగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒకటి చాలా లోపలికి వచ్చి మనిషిని లాగేస్తుంది, మనుషులు పోయారక్కడ. హెచ్చరిక లైటు పెట్టారు, అది చూడు, సముద్రానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకున్నావని తెలిసిందో నేనే వచ్చి తంతా. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేయి. వచ్చి కాపాడేవాళ్లు జీతగాళ్లు కాదమ్మా, స్వచ్ఛందంగా వచ్చే మామూలు మనుషులు, కొత్త సంవత్సరానికి టపాసులు అమ్మి ఆ డబ్బుతో సామాన్లు కొనుక్కుంటారు. వాళ్లని అన్నం మధ్యలో లేపే పరిస్థితి తేకండి.

రాత్రి ఆకాశంలో ఉత్తర కాంతులు కనబడితే రోడ్డు మధ్యలో బ్రేకు వేయొద్దు, పక్కకి తీయడానికి చోటు దొరికాకే.

ఇంకోటి, దాదాపు ప్రతి ఊళ్లో వేడినీళ్ల స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, తప్పకుండా వెళ్లు. కానీ దిగేముందు బట్టలన్నీ తీసేసి అందరి ముందే సబ్బుతో స్నానం చేయాలి, రూలు. నేను సిగ్గుతో సచ్చి తలుపున్న గది కోసం వెతుకుతుంటే ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని షవర్ కింద నిలబెట్టింది. తర్వాత ఆవిడా నేనూ మెడదాకా వేడినీళ్లలో కూర్చుని భాష లేకుండానే గంట కబుర్లు చెప్పుకున్నాం. షవర్ నీళ్లు కోడిగుడ్డు వాసనొస్తే కంగారుపడకు, తాగే చల్లనీళ్లు మాత్రం అమృతం, బాటిళ్లు కొని డబ్బు తగలేయకండి. బయట తిండి రేట్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది, వంటగది ఉన్న గదులే తీసుకోండి, కందిపొడి పట్టుకెళ్లు.

మీ అమ్మకి నేను చెప్తాలే. నువ్వు మాత్రం ఏ రోజు ఎక్కడుంటారో నాకు రాసి పంపు, ఇంకో పిల్ల కూడా నడుపుతుందన్నావు కదా, ఆ పిల్ల పేరు కారు అద్దె కాంట్రాక్టులో రాయించారా లేదా? అది ఇవాళే చూసి చెప్పు.

మీ పెద్దమ్మ